మూడో మంచం తర్వాత నాలుగో మంచం

మీరే. మంచాలకు ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసి, ఆ అంకెల వరసలోనే రిజిస్టరు అచ్చు వేయించి, ఆ రిజిస్టరు వరసలోనే కట్లు మార్చాలని గోడకు కాగితం అంటించిన మీరే నా కాలిలో చీము పోశారు. కత్తి పట్టిన డాక్టరును నేను ఏమీ అనను, ఆయన పని ఆయన చక్కగా చేశాడు. కట్టు కట్టే చిన్న సిస్టరునూ అనను, ఆ పిల్లకు మంచినీళ్ళు తాగే తీరిక కూడా ఉండదు. పైఅంతస్తు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని వార్డుకి కట్ల సామాను ట్రాలీ ఒక్కటి చాలని సంతకం పెట్టారే, మిమ్మల్ని అంటున్నాను. మూడో మంచం మీద చీము కారే పుండు ఉన్నా, నాలుగో మంచం మీద నిన్నగాక మొన్న కుట్టిన పచ్చి గాయం ఉన్నా, మూడు తర్వాత నాలుగే రావాలని ఒకటో తరగతి మాస్టర్లలా పట్టుబట్టారే, మిమ్మల్ని. ఇది చదువుతారో, దీని మీద టీ గ్లాసు పెడతారో నాకు తెలియదు. పదిహేను రోజుల కిందట రాసిచ్చిన కాగితం మీద మాత్రం టీ గ్లాసే ఉంది. పెద్ద సిస్టరు టేబులు దగ్గర చూశాను, గుండ్రటి మరక సరిగ్గా నా రెండో డిమాండు మీద పడింది.

ఇలా మొదలుపెట్టానే గాని కోపం నిలవడం లేదు, ఈ పూట నాకు వచ్చిన చిక్కు అదే. కిటికీలోంచి ఎండ దుప్పటి మీద పలకలు పలకలుగా పడుతోంది, తొమ్మిది కావస్తోంది, కుడికాలు దురద పెడుతోంది, ఆ దురద ఎంత బాగుందో చెప్పలేను. ఎనిమిదింటికి ఎముకల డాక్టరు వచ్చి దుకాణంలో పండు ఎంచేవాడిలా గాయం పొడుగునా బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్ళాడు. నొప్పా అన్నాడు, దురద అన్నాను, దురదైతే చర్మం తన పని తాను చేసుకుంటోందన్నాడు. ఎముకకు బిగించిన ప్లేటు తియ్యక్కర్లేదు, ఎముక పట్టుకుంది, కట్లు మార్చడం అయ్యాక కాగితం రాసిస్తారు, ఇంటికి వెళ్ళిపోండి అన్నాడు. ఇంటికి. ఏడు వారాలుగా ఆ మాట నోట్లో వేసుకుని చప్పరిస్తున్నాను, ఈ పూట మింగేశాను. మా ఆయన అప్పుడే వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు, ఒళ్ళో సంచి, సంచిలో రెండు చెప్పులు. రెండు! ఇన్నాళ్ళూ ఒక్క ఎడమకాలి చెప్పే తెచ్చేవాడు, కుడికాలికి కట్టు ఉండగా రెండోది మోయడం ఎందుకని. దర్జీ బుద్ధి, జానెడు గుడ్డ కూడా వృథా పోనివ్వడు. కాలికి వేసిన కుట్లు మొదటిసారి చూసినప్పుడు నేను ఏడుస్తుంటే ఈయన వంగి చూసి, "కుట్టుకీ కుట్టుకీ ఎడం సమంగా లేదు" అని తల అడ్డంగా ఊపాడు, ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. ఈ పూట సంచి నోరు తెరిచి చూపించి, "రెండూ తెచ్చాను" అన్నాడు, అంతే. పెళ్ళయ్యాక ఆయన నాతో అన్న తియ్యటి మాటల్లో ఇది రెండోది. మొదటిది ఏమిటో నాకు గుర్తు లేదు, ఆయనకు అసలే ఉండదు.

కీచుమంది. ట్రాలీ ముందు చక్రం అది, నూనె చూసి ఎన్నాళ్ళయిందో. ఈ వార్డులో గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయింది, ఆ చక్రం కూత వింటే చాలు ఎంతయిందో తెలుస్తుంది. ఒకటో మంచం. మణికట్టు విరిగిన ఆవిడ, శుభ్రమైన గాయం, భయం లేదు. చిన్న సిస్టరు ఒక్కతే ఉంది, పెద్ద సిస్టరు ఆపరేషన్ గదికి వెళ్ళింది, వెళ్ళేముందు నేను మళ్ళీ అడిగాను, చీము ఉన్న మూడో మంచం ఆఖర్న పెట్టండమ్మా, ఈ ఒక్క రోజుకి, అని. "వెళ్ళే రోజు కూడా గొడవేనా పిన్నీ? రిజిస్టరు ఎలా ఉంటే అలా" అంది. ఆవిడ చెడ్డది కాదు, ఆవిడకు రిజిస్టరంటే భయం, రిజిస్టరుకు మీరంటే భయం. ఇప్పుడు చిన్న సిస్టరు ఏం చేస్తుందో కళ్ళు మూసుకున్నా నాకు కనిపిస్తుంది. కట్టు మీద అంటించే టేపు చుట్ట తీసి చర్రు చర్రుమని బెత్తెడు బెత్తెడు ముక్కలు తెంపి ట్రాలీ అంచుకు వరసగా అంటిస్తుంది, మంచానికి నాలుగు చొప్పున ఏడు మంచాలకు ఇరవై ఎనిమిది ముక్కలు, అన్నీ ఒకే పొడుగు, ఒకే ఎడం, మా ఆయన చూస్తే మెచ్చుకుంటాడు. తొడుగులు వేసుకున్న చేతులతో టేపు తెంపడం కుదరదు, రబ్బరుకు అతుక్కుపోతుంది, అందుకని ముందే తెంపి పెట్టుకుంటుంది. తెలివైన పనే. అయితే మూడో మంచం దగ్గర చీము తుడిచిన చేతితోనే నాలుగు ముక్కలు లాగుతుంది, లాగేటప్పుడు పక్క ముక్కలకు వేళ్ళు రాసుకుంటాయి, ఆ పక్క ముక్కలు నాలుగో మంచానికి వెళ్తాయి, వాటిని పట్టుకున్న వేళ్ళే అక్కడ గాయం మీద గాజుగుడ్డ సర్దుతాయి. తొడుగులు ప్రతి మంచానికీ మారుస్తుంది, నిజమే, నేను లెక్కపెట్టాను. టేపు ముక్కకు తొడుగు ఎవరు మారుస్తారు?

ఇవన్నీ నీకెలా తెలుసు అంటారు. పాల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు ట్యాంకులు కడిగాను, అలా తెలుసు. అక్కడ నన్ను మైకు అంటారు, నేను మాట్లాడుతుంటే ఆ చివర యంత్రం దగ్గరున్నవాడికి కూడా వినిపిస్తుందట. ట్యాంకు మెట్టు మీద రబ్బరు పట్టా లేదని మూడుసార్లు కాగితం రాసిచ్చాను, నాలుగోసారి కాలితో రాశాను, మోకాలి కింద పెద్ద ఎముక రెండు ముక్కలు. ఇక్కడికి తెచ్చి ప్లేటు పెట్టి మరలు బిగించి నాలుగో మంచం మీద పడుకోబెట్టారు. అవును, ఇప్పుడు టీచరమ్మ పడుకున్న ఆ నాలుగో మంచమే. అయిదు రోజులు రాజాలా గడిచాయి, ఆరో రోజు మధ్యాహ్నం చలి పట్టింది, కుట్ల చుట్టూ ఎర్రగా పొంగింది, కట్టు విప్పీ విప్పగానే వాసన. ఆ వాసన వాళ్ళకంటే ముందు నాకు తెలిసింది. ట్యాంకు మూతకింద రబ్బరు రింగు తీసి కడగకపోతే మూడో రోజుకి దాని కింద జిగురు పొర పడుతుంది, వేలికి జారుతుంది, వేడినీళ్ళు పైనుంచి వెళ్ళిపోతాయి, మందు నీళ్ళూ పైనుంచే వెళ్ళిపోతాయి, పొర కింద ఉన్నవి పిల్లాపాపలతో హాయిగా కాపురం చేస్తుంటాయి. ఎముకకు వేసిన ప్లేటు మీద కూడా బాక్టీరియా సరిగ్గా అలాగే పొర కట్టుకుని కూర్చుంటుందని చిన్న డాక్టరు ఇచ్చిన పుస్తకంలో ఉంది, పక్కన డిక్షనరీ పెట్టుకుని ఆ ఒక్క పేజీ రెండు రోజులు చదివాను. మందు రక్తంతో పాటు వస్తుంది, మరి లోహంలో రక్తం ఏదీ? అందుకే మాత్రలతో పోలేదు. మళ్ళీ కోసి, ప్లేటు చుట్టూ బకెట్ల కొద్దీ సెలైను పోసి కడిగారు, ఆరు వారాలు పూటపూటకీ సూదిమందు ఎక్కించారు. తగ్గకపోతే ప్లేటు తీసెయ్యాలి, ప్లేటు తీస్తే అతకని ఎముక మళ్ళీ ఊగుతుంది, అప్పుడు ఈ కాలు నా కాలిగా ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేదు, నేను అడిగినప్పుడల్లా అందరూ కిటికీలోంచి బయటికి చూశారు. తగ్గింది. నాకు తగ్గింది. దురద పెడుతోంది, ఎంత హాయిగా ఉందో.

కీచుమంది. రెండో మంచం. ఇది కూడా శుభ్రమే, మడమకు చిన్న ఆపరేషను, చప్పున అయిపోతుంది. మూడో మంచం మీద పెద్దమ్మ నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది. తుంటి కీలు మార్చిన చోట నాలుగు నెలలుగా చీము ఆగడం లేదు ఆమెకు, రెండుసార్లు ఇంటికి వెళ్ళి రెండుసార్లు తిరిగి వచ్చింది, వార్డులో పాత కాపు. నాకు చీము పట్టిందని తెలిసిన రోజున వార్డంతా గుసగుసలు పోతుంటే ఆమె మాత్రం గొంతెత్తి, "ఏమే మైకూ, నా గుర్తుగా నీకో వస్తువు ఇచ్చానుగా, జాగ్రత్తగా దాచుకో" అంది. అందరూ బిత్తరపోయారు, నేను పడీపడీ నవ్వాను, ఆ నవ్వుకు కుట్లు లాగాయి. ఆ పూట నర్సుల టేబులు దగ్గర ఇద్దరి లాబ్ రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాను. అదే సూక్ష్మజీవి, మనుషుల చర్మం మీదా ముక్కులోనూ ఊరికే బతికేసే రకం, లోపలికి దారి దొరికితే రాక్షసి. కింద పదకొండు మందుల జాబితా, ఏది పనిచేస్తుంది, ఏది పనిచేయదు. ఆమెకు ఏవి పనిచేయవో నాకూ అవే పనిచేయవు, వరస వరసకీ అదే, కార్బన్ కాగితం కింద రాసినట్టు. రుజువా అది అంటారు మీరు. కాకపోవచ్చు. నేను కోర్టులో లేను, మంచం మీద ఉన్నాను. నన్ను ఏడో మంచానికి మార్చారు, నా తర్వాత వచ్చే ఎనిమిదో మంచం ఖాళీగా ఉంచాలని మూడు రోజులు గొడవ చేస్తే ఉంచారు, ఇక్కడ నేను గెలిచింది ఆ ఒక్కటే. మూడు తర్వాత నాలుగు మాత్రం అలాగే ఉండిపోయింది.

నాలుగో మంచం మీద టీచరమ్మ కళ్ళజోడు తుడుచుకుంటోంది, తుడిచిందే తుడుస్తోంది. మోకాలిచిప్ప రెండుగా పగిలితే మొన్న తీగ వేసి బిగించారు. ఈ పూట మొదటి కట్టు విప్పుతారు. పొద్దున్న నన్ను అడిగింది, "పిన్నీ, విప్పేటప్పుడు నొప్పి ఉంటుందా?" అని. లేదమ్మా, చల్లగా ఉంటుంది అన్నాను, అది నిజం. మిగతాది చెప్పలేదు. ఏమని చెప్పను? నీ పక్క మంచం నుంచి నా ఏడు వారాలు నీకూ వస్తున్నాయి, ట్రాలీ మీద ఎక్కి, టేపు ముక్క పట్టుకుని, అని చెప్పనా? ఆమె చేతులు చూశాను, సుద్దముక్క పట్టుకుని అరిగిన వేళ్ళు, వచ్చే నెలలో బడి తెరిచేసరికి బోర్డు దగ్గర నిలబడతానని డాక్టరుతో పందెం వేసింది. నిలబడాలి. ఆ పందెం ఆమె గెలవాలి. నాకు ఈ ఉదయం ఇంకే కోరికా లేదు, ఇల్లు దొరికింది, కాలు దొరికింది, రెండో చెప్పు దొరికింది. అందుకే తెగ భయంగా ఉంది. కడుపు నిండినవాళ్ళు కునుకు తీస్తారే, అలా నేను కూడా ఈ గంట కళ్ళు మూసుకుని గడిపేస్తానేమో, పది కాగానే సంచి తీసుకుని వెళ్ళిపోతానేమో, ఎవరూ నన్ను ఒక్క మాట అనరు.

ఎందుకో మేకు గుర్తొచ్చింది. ఫ్యాక్టరీలో చేరిన కొత్తల్లో కడిగిన రబ్బరు రింగులన్నీ తలుపు పక్కన మేకులకు తగిలించేదాన్ని, పెద్దది, మధ్యది, చిన్నది, వరసగా, గాజుల దుకాణంలా. ఎంత గర్వమో నాకు. రింగు కోసం వెతుక్కునే పని తప్పిందని అందరూ మెచ్చుకున్నారు కూడా. ఆ తలుపు వెనకే పచ్చిపాల గొట్టం వేలాడేది, తలుపు తెరిచినప్పుడల్లా గొట్టం మొన వచ్చి నా రింగులను ముద్దు పెట్టుకుని వెళ్ళేది, నాకు కనిపించలేదు, గర్వంలో ఏం కనిపిస్తుంది. వారం తిరిగేసరికి మూడో నంబరు ట్యాంకులో పాలు మొత్తం విరిగిపోయాయి. పాలు కాలవలోకి వదులుతుంటే తెల్లగా, ధారగా, నేను గోడకు ఆనుకుని చూశాను. మా మేస్త్రీ, మీసాలాయన, నా మీద అరుస్తాడనుకున్నాను. ఆయన వచ్చి తలుపు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు, గొట్టం రింగులకు తగలడం నాకు చూపించి వెళ్ళిపోయాడు. మర్నాటికి మూత ఉన్న డబ్బా తెచ్చి పెట్టాడు. ఆయన తిట్టి ఉంటే నేను ఏడ్చి, మర్నాడు మళ్ళీ ఆ మేకులకే తగిలించి ఉండేదాన్ని, ఇంకెక్కడ తగిలించను? డబ్బా పెట్టాడు కాబట్టి డబ్బాలో వేశాను. ఇంత చిన్న సంగతి. చిన్న సిస్టరు అంచుకు అంటించే ఆ ఇరవై ఎనిమిది ముక్కలు నా గాజుల దుకాణమే. ఆమెకు డబ్బా ఎవరిచ్చారు?

కీచుమంది. మూడో మంచం. నేను దుప్పటి తీసేశాను. మా ఆయన నా మొహం చూశాడు, సంచిలోంచి రెండు చెప్పులూ తీసి నేల మీద పక్కపక్కన పెట్టాడు. కుడికాలు చెప్పులోకి దూరింది, ఏడు వారాల తర్వాత, కొంచెం బిగుతుగా. నా ఏడో మంచం మూడో మంచానికి సరిగ్గా ఎదురు, నడవ అడ్డంగా దాటితే ఆరు అడుగులు. నడకబండి పట్టుకుని లేచాను. ఒకటి, ప్లేటు ఉంది, రెండు, మరలు ఉన్నాయి, మూడు, ఎముక నన్ను మోస్తోంది, నాలుగు, ఓహో, మోస్తోంది, పాపం ఏడు వారాలు తిట్టాను దీన్ని, అయిదు, ఆరు. నడకబండిని ట్రాలీకి అడ్డంగా పెట్టాను.

"పిన్నీ! మంచం దిగారేంటి, పడిపోతారు!" అంది చిన్న సిస్టరు.

"పడనులే. మూడు వదిలెయ్ అమ్మాయ్, ముందు నాలుగు చెయ్. తర్వాత అయిదు, ఆరు, ఏడు. పెద్దమ్మ ఆఖర్న."

"రిజిస్టరులో అలా లేదుగా."

"రిజిస్టరుకి కుట్లు లేవు."

ఆ పిల్ల నవ్వలేదు. "మీకేం పిన్నీ, పదింటికి వెళ్ళిపోతారు. రేపు నేనిక్కడికే రావాలి. వరస తప్పితే రెండు గంటలు నిలబెట్టి అడుగుతారు" అంది. మైకుకు కరెంటు పోయింది. ఎందుకంటే అది నిజం, నేను వెళ్ళిపోతాను, తిట్లు ఆ పిల్ల తింటుంది. ఇరవై ఆరేళ్ళు ఎందరి తరఫునో అరిచాను, అరిచి ఇంటికి వెళ్ళాక అక్కడ మిగిలినవాళ్ళ గతి ఏమిటని ఎన్నిసార్లు ఆలోచించాను? అప్పుడు మంచం మీదనుంచి పెద్దమ్మ దుప్పటి మెడదాకా లాక్కుని, "నేను విప్పనివ్వను" అంది.

"అయ్యో పెద్దమ్మా, తడిసిపోయింది, పొద్దుట్నుంచి మంటగా ఉందన్నావుగా?"

"ఉంటే ఉంది. రోగి ఇప్పుడు వద్దంది అని రాసుకునే గడి ఉందిగా నీ పుస్తకంలో, రాసుకో. అందరికీ అయ్యాక రా. నాకేం తొందర, నేనేమన్నా పెళ్ళికూతుర్నా? పో, టీచరమ్మను చూడు."

తడిసిన కట్టుతో గంటసేపు పడుకోవడం ఏమిటో నాకు తెలుసు, చీమలపుట్ట మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఆమె పెదవి పంటి కింద బిగించి పైకప్పు చూస్తూ పడుకుంది. చిన్న సిస్టరు రిజిస్టరు తీసింది, పెన్ను మూత పంటితో లాగింది, మూడో మంచం ఎదురుగా ఆ గడిలో రాసింది. అచ్చు వేయించినప్పుడు మీరు పొరపాటున ఒక మంచి గడి పెట్టారు. "మరి ఈ టేపు?" అన్నాను. మేకు సంగతి చెప్పాను, గాజుల దుకాణం సంగతి, తలుపు సంగతి, నాలుగు ముక్కల్లో. ఆ పిల్ల ట్రాలీ అంచు వైపు చూసింది, తర్వాత తన వేళ్ళ వైపు. "వీటిని తెంపడానికే నాకు రోజూ పది నిమిషాలు పడుతుంది" అంది, అంటూనే మిగిలిన ముక్కలన్నీ ఒక్కలాగుడుకి పీకి ఉండచుట్టి చెత్తడబ్బాలో పడేసింది. "ఇప్పుడెలా మరి?" అంది. వెనకనుంచి మా ఆయన గొంతు వినిపించింది, అందరం తిరిగి చూశాం. "గాజుగుడ్డ పొట్లం కాగితం ఉంటుంది కదమ్మా, తొడుగులు వేసుకోక ముందే తెంపి దాని పైవైపు అంటించుకో. ఎవరి పొట్లానికి వాళ్ళవి. ఒకరి గుండీలు ఇంకొకరి చొక్కాకి పోకుండా నేను అలాగే చేస్తాను." ఇన్ని మాటలు ఒక్కసారి ఆయన నోట రావడం నేను ఎన్నడూ వినలేదు. చిన్న సిస్టరు ట్రాలీ తుడిచింది, చేతులు కడిగింది, పొట్లం తీసి దాని మీద నాలుగు ముక్కలు అంటించింది. చక్రం కీచుమంది. నాలుగో మంచం. కట్టు విప్పగానే టీచరమ్మ, "అవును పిన్నీ, చల్లగానే ఉంది" అంది.

ఇక మీ సంగతి. ఈ పూట ఒక ముసలావిడ మంట ఓర్చుకుని మీ వరసను దాటించింది. రేపు కూడా ఆవిడే ఓర్చుకోవాలా? రేపు ఆవిడ స్థానంలో నోరు లేనిది ఉంటే? మంచం అంకె చూసి కట్టు మార్చే పద్ధతి కొట్టెయ్యండి, గాయం చూసి మార్చమనండి, శుభ్రమైనవి ముందు, చీము పట్టినవి ఆఖర్న, అది రిజిస్టరులోనే అచ్చు వెయ్యండి, అచ్చు అయ్యేదాకా చేత్తో రాయండి. చీము గాయాలకు వేరే ట్రాలీ ఇవ్వండి. వరస మార్చినందుకు ఆ పిల్లను ఎవరూ ఒక్క మాట అనకూడదని రాసి సంతకం పెట్టండి, అది మొదట పెట్టండి. పది దాటింది. నన్ను ఇంటికి పంపే కాగితం వచ్చింది, సంతకం చెయ్యమన్నారు, చెయ్యలేదు. రెండు చెప్పులూ వేసుకుని వార్డు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను, పక్కన మా ఆయన, ఒళ్ళో ఖాళీ సంచి. ఎండ బాగుంది, కాలు దురద బాగుంది, మాకేం తొందర లేదు. మీరే మెట్లు దిగి రండి. పెన్ను తెచ్చుకోండి. టీ గ్లాసు అక్కడే వదిలి రండి.